ముందు నేల - ఆ తరువాతే విత్తనం

(మాఘమాసంలో పెరటి కూరగాయల తోట: ఒక పాఠం)

- హాస్టల్ పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (వృక్షశాస్త్రం)



తోట అనగానే మనకు ఎకరాలే గుర్తుకు వస్తాయి. మనలో చాలా మంది ఇళ్ళకు పట్టా భూమి లేదు. అమ్మానాన్నలు ఒకరి చేలో కలుపు తీస్తారు, ఇంకొకరి చేలో పత్తి ఏరుతారు. అందుకే "మనకు భూమి ఎక్కడిది?" అనుకుంటూనే పెరుగుతాం. కాని ఇంటి వెనుక, బోరింగు పక్కన, స్నానం నీళ్ళు పారే చోట కొద్దిపాటి నేల చాలా ఇళ్ళకు ఉంటుంది. అది ఎవరి లెక్కలోకీ రాదు. అక్కడ కంపచెట్లు మొలుస్తాయి, చెత్త పడుతుంది. ఈ పాఠం ఆ నేల గురించి.

ఒక్క లెక్క చూద్దాం. ఎకరానికి 40 గుంటలు. గుంటకు 121 గజాలు. గుంటలో నాలుగో వంతు అంటే సుమారు 30 గజాలు, అంటే 270 చదరపు అడుగులు. 18 అడుగులు ఒక వైపు, 15 అడుగులు మరో వైపు ఉన్న చోటు అన్నమాట. ఈ పాఠంలో లెక్కలన్నీ ఈ 30 గజాలకే చెబుతాను. మీకు 15 గజాలే ఉంటే అన్నిటినీ సగం చేసుకోండి.

ఎందుకు వేయాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అందులో 100 గ్రాములు ఆకుకూరలు ఉండాలి. ఐదుగురున్న ఇంటికి రోజుకు అర్ధకిలో ఆకుకూర అన్నమాట. వారానికి ఒక్కసారి సంతకు వెళ్ళే ఇంట్లో ఆకుకూర రెండో రోజుకే వాడిపోతుంది. మిగిలిన రోజులు పచ్చిపులుసు, పచ్చడి మెతుకులే.

దీని ఫలితం మన ఒంటి మీదనే కనిపిస్తుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం అని తేలింది. అంటే ఈ సంచిక చదువుతున్న పదిమంది అమ్మాయిల్లో ఐదారుగురి కథ ఇది కావచ్చు. రక్తహీనతకు తోటకూర ఒక్కటే మందు కాదు. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రలు మానకూడదు. కాని ఆకుకూర రోజూ తింటూ, దానిమీద కొంచెం నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి ఎక్కువగా పడుతుంది. నిమ్మలోని సి విటమిన్ చేసే సహాయం అది.

ఈ కాలమే ఎందుకు?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అంటారు. సంక్రాంతి దాటి ఉగాది రాకముందు ఉన్న ఈ మాఘ, ఫాల్గుణ మాసాలు వేసవి కూరగాయలకు అదును. బెండ, బీర, కాకర, సొర గింజలకు వెచ్చని నేల కావాలి. డిసెంబరు చలిలో వేస్తే గింజ మొలవక మట్టిలోనే కుళ్ళుతుంది. ఏప్రిల్‌లో వేస్తే మొలక ఎండకు మాడుతుంది, మొక్క బతికినా పూత రాలుతుంది. ఫిబ్రవరిలో వేసిన మొక్క ఎండలు ముదిరేలోగా వేరు లోతుకు దించుకుంటుంది. కనుక ఫిబ్రవరి మొదటి పది రోజులు నేల పని, ఆ తరువాత విత్తనం. ఈ వరుస తప్పకూడదు. చాలా మంది ముందు విత్తనాల పొట్లం కొంటారు, ఆ తరువాత నేల వైపు చూస్తారు. మొలక రాకపోతే విత్తనాన్ని తిడతారు. తప్పు చాలాసార్లు విత్తనానిది కాదు.

మన మట్టి ఏ మట్టి?

డాక్టరు మందు ఇచ్చే ముందు నాడి చూసినట్టే మనమూ ముందు మట్టిని చూడాలి. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక గాజు సీసా చాలు.

సీసాలో మూడో వంతు మట్టి వేయండి. నిండా నీళ్ళు పోసి మూత బిగించి బాగా కుదిపి కదలని చోట పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు దిగేది ఇసుక. కొన్ని గంటల్లో దానిమీద పేరుకునేది ఒండ్రు. మరునాటికి గాని దిగనిది బంకమన్ను. బంకమన్ను రేణువు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నది, అందుకే అంత సేపు తేలుతుంది. పైన తేలే నల్లని చెత్త మట్టిలోని సేంద్రియ పదార్థం. మూడు పొరలనూ స్కేలుతో కొలవండి. ఏది ఎక్కువైతే మీ మట్టికి ఆ గుణం.

ఇసుక ఎక్కువైతే అది చల్క నేల లేదా దుబ్బ నేల. నీళ్ళు ఇలా పోస్తే అలా దిగిపోతాయి, వాటితో పాటే బలమూ దిగిపోతుంది. దీనికి పశువుల ఎరువు ఎక్కువ కావాలి. చెరువు మట్టి దొరికితే మరీ మంచిది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో పూడిక తీసిన చెరువు మట్టిని ఎంతోమంది రైతులు చేలకు తోలుకున్నది ఇందుకే. మన 30 గజాలకు ఒక ట్రాక్టరు కూడా అవసరం లేదు, ఇరవై ముప్పై తట్టలు చాలు.

బంకమన్ను ఎక్కువైతే అది నల్లరేగడి. బలం ఉంటుంది కాని నీరు నిలిచి వేరుకు ఊపిరి ఆడదు, ఎండితే నెర్రెలు వారుతుంది. "ఇసుక కలిపితే సరిపోతుంది కదా" అని అనిపిస్తుంది. కొద్దిపాటి ఇసుక కలిపితే ప్రయోజనం లేదు. దీనికీ మందు మాగిన ఎరువే. ఎరువు బంక రేణువులను చిన్న చిన్న గుళికలుగా కలిపి ఉంచుతుంది. గుళికల మధ్య ఖాళీల్లో గాలి ఆడుతుంది.

నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటే అది చౌడు. అటువంటి చోట ముందుగా మట్టి పరీక్ష చేయించడమే మంచిది. నాలుగైదు చోట్ల పైన చెత్త తీసి, జానెడు లోతున ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో గుంట తీసి, ఆ గుంట గోడ నుంచి పలుచగా మట్టి చెక్కండి. అన్నీ కలిపి, నీడలో ఆరబెట్టి, అందులో అర్ధకిలో గుడ్డసంచిలో కట్టి మీ మండల వ్యవసాయాధికారిని కలవండి. మట్టి ఉదజని సూచిక 6 నుంచి 7.5 మధ్య ఉంటే కూరగాయలకు అనుకూలం.

ఇంకొక సంగతి. కాలనీ ఇళ్ళ చుట్టూ, హాస్టల్ భవనాల చుట్టూ ఉన్నది చాలా చోట్ల అసలు నేల కాదు. పునాదులు తవ్వినప్పుడు పోసిన మొరం, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు. అటువంటి చోట ఎంత తవ్వినా లాభం లేదు. చుట్టూ రాళ్ళు పేర్చి అడుగు ఎత్తున మంచి మట్టి, ఎరువు పోసి మడి కట్టుకోవాలి.

మట్టి లోపల ఏముంది?

మంచి మట్టిలో సగం మాత్రమే మట్టి. మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలో సగం నీరు, సగం గాలి ఉంటే మొక్కకు హాయి. వేరు కూడా మనలాగే శ్వాసిస్తుంది. ఎప్పుడూ నీళ్ళు నిలిచిన నేలలో మొక్క వాడిపోవడం చూసి కొందరు ఇంకా నీళ్ళు పోస్తారు. అది దాహంతో వాడలేదు, ఊపిరాడక వాడింది.

ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరంలో మాకు మట్టి, నీరు అనే పాఠం వచ్చింది. బాగా తడిసిన మట్టిలోంచి మిగులు నీరంతా దిగిపోయాక రేణువులు పట్టి ఉంచుకున్న నీటిని 'క్షేత్ర సామర్థ్యం' అంటారని చదివాం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ మాట అమ్మకు అర్థమయ్యేలా చెప్పాలని కూర్చున్నాను. ఆమె గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించింది. ముద్ద అయ్యింది. బొటనవేలితో పొడిచింది. పొడిపొడిగా విడిపోయింది. "పదునంటే గిదే కదా బిడ్డా" అంది. ఆమె బడికి పోలేదు. నాకు పుస్తకంలో రెండు పేజీలు పట్టిన మాట ఆమె చేతిలో ఉంది.

ఈ పిడికిలి పరీక్ష మీరూ నేర్చుకోండి. మట్టి ముద్దగా చేతికి అంటుకుంటే ఇంకా తడి ఎక్కువ, రెండు రోజులు ఆగాలి. ముద్దే కాకపోతే పొడి ఎక్కువ, నీళ్ళు చల్లాలి. ముద్ద అయ్యి, పొడిస్తే విడిపోతే అదే పదును. తడి నల్లరేగడిని తవ్వితే అది పెళ్ళలు కట్టి ఎండాక రాయి అవుతుంది. ఆ ఏడాదంతా ఆ పెళ్ళలతోనే కుస్తీ పట్టాలి.

నేల తయారీ: పది రోజుల పని

చోటు ఎంచుకునేటప్పుడు ఒక్కటే షరతు. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ పడాలి. పెద్ద చెట్టు నీడలో కూరగాయలు కాయవు.

1వ రోజు: రాళ్ళు, గాజు పెంకులు, ప్లాస్టిక్ ఏరివేయాలి. గరికను వేళ్ళతో సహా, తుంగను గడ్డలతో సహా తీయాలి. పైన కోస్తే వారంలో మళ్ళీ వస్తాయి.

2వ రోజు: నేలను బాగా తడిపి వదిలేయాలి.

3, 4 రోజులు: పదును రాగానే గడ్డపారతో, పారతో అడుగు లోతు తవ్వాలి. నల్లరేగడిలో పదును రావడానికి ఇంకో రెండు రోజులు పట్టినా తొందరపడకూడదు. పై జానెడు మట్టిలోనే బలం, జీవం ఉంటాయి. కనుక పైమట్టిని ఒక పక్కన పోసి, అడుగు మట్టిని అక్కడే గుల్ల చేసి, పైమట్టిని మళ్ళీ పైనే వేయాలి.

5 నుంచి 7 రోజులు: ఎండకు వదిలేయాలి. వేరుపురుగులు, గుడ్లు బయటపడతాయి. కాకులు, గోరింకలు వాటి పని అవి చేసుకుంటాయి.

8వ రోజు: పెళ్ళలు చితక్కొట్టి ఎరువు కలపాలి. ఎకరానికి పది టన్నుల పశువుల ఎరువు అంటే గజానికి సుమారు రెండు కిలోలు. మన 30 గజాలకు 60 కిలోలు, నాలుగైదు గంపలు. మొదటిసారి తవ్వుతున్న నిస్సారమైన నేల అయితే రెండింతలు వేసినా మంచిదే. ఒక కిలో వేపపిండి కూడా కలిపితే వేరుపురుగు బెడద తగ్గుతుంది.

9వ రోజు: మడులు కట్టాలి. నల్లరేగడిలో మడి నేల కంటే అర అడుగు ఎత్తుగా ఉండాలి, నీరు నిలవకుండా. చల్క నేలలో వేసవికి మడి రెండంగుళాలు పల్లంగా ఉండాలి, నీరు నిలిచేలా. ఒకే ఊళ్ళో రెండు ఇళ్ళకు రెండు పద్ధతులు కావలసి రావచ్చు. అందుకే సీసా పరీక్ష ముందు చేయమన్నాను.

10వ రోజు: పలుచగా నీళ్ళు చల్లాలి. రెండు మూడు రోజుల్లో మొలిచిన కలుపును పీకివేసి విత్తుకోవాలి.

ఎరువు విషయంలో మూడు జాగ్రత్తలు. మొదటిది, పచ్చి పేడ వేయకూడదు. అది మట్టిలో కుళ్ళుతూ వేడి పుట్టిస్తుంది, చెదలను, వేరుపురుగును పిలుస్తుంది, కలుపు గింజలను తెస్తుంది. మాగిన ఎరువు నల్లగా, పొడిగా, వాసన లేకుండా, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. రెండవది, ఎండుగడ్డి, రంపపు పొట్టు పచ్చివి మట్టిలో కలపకూడదు. వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే తినేస్తాయి, మన మొక్క పసుపు పచ్చగా మారుతుంది. వాటిని మట్టి పైన పరచండి, తేమ ఆరకుండా కాపాడతాయి. మూడవది, పొయ్యి బూడిద గుప్పెళ్ళతో మేలు, గంపలతో కీడు. ఎక్కువైతే నేలకు క్షారగుణం వస్తుంది.

పశువులు లేని ఇల్లయితే ఎరువు పక్కింటివారిని అడిగి తెచ్చుకోవాలి. వచ్చే ఏడాదికి మాత్రం ఇవాళే ఒక గుంట తీసి కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు, కొంచెం పేడ, కొంచెం మట్టి పొరలు పొరలుగా వేస్తూ రండి. వచ్చే మాఘమాసానికి మీ ఎరువు మీకే ఉంటుంది.

30 గజాల పటం

18 అడుగుల వైపు మూడేసి అడుగుల వెడల్పుతో నాలుగు మడులు. వాటి మధ్య అడుగున్నర దారులు మూడు. మిగిలిన అడుగున్నర కంచె వెంట పాదులకు. మొత్తం 12, నాలుగున్నర, ఒకటిన్నర, సరిగ్గా 18 అడుగులు. ప్రతి మడి పొడవు 15 అడుగులు. మడి మూడడుగులే ఎందుకంటే దారిలో కూర్చుని చెయ్యి చాపితే మధ్యకు అందాలి. తవ్వి గుల్ల చేసిన మడిలో కాలు పెట్టకూడదు.

మొదటి మడి - ఆకుకూరలు: మడిని మూడు భాగాలు చేయండి. తోటకూర, పుంటికూర, పాలకూర. తోటకూర గింజ ఆవగింజ కంటే చిన్నది. నాలుగింతల ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి రాల్చాలి. గింజలను చీమలు ఎత్తుకుపోకుండా రెండు రోజులు కనిపెట్టి ఉండాలి. తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకు వస్తుంది. అంతా ఒకేసారి చల్లకుండా పది రోజులకొకసారి కొంచెం చల్లుకుంటే ఎప్పుడూ లేత కూర ఉంటుంది. ఎండలు ముదిరితే పాలకూర పోతుంది, ఆ చోట బచ్చలి పెట్టండి.

రెండవ మడి - బెండ: గింజలను రాత్రి నీళ్ళలో నానబెట్టి, అడుగున్నర ఎడంతో రెండు సాళ్ళు తీసి, జానెడుకొక చోట రెండేసి గింజలు అంగుళం లోతున వేయాలి. మొలిచాక బలమైనది ఉంచి రెండోది తీసేయాలి. సాలుకు 20 చొప్పున 40 మొక్కలు. 45 నుంచి 50 రోజులకు మొదటి కాయ. అక్కడి నుంచి రోజు విడిచి రోజు కోయాలి. కాయ ముదరనిస్తే మొక్క కొత్త పూత ఆపేస్తుంది. అర్కా అనామిక, పర్భణి క్రాంతి వంటి రకాలు హైబ్రిడ్లు కావు కనుక రెండు మంచి మొక్కల కాయలు ఎండనిచ్చి గింజ దాచుకోవచ్చు. హైబ్రిడ్ గింజ దాచినా తల్లి గుణాలు రావు.

మూడవ మడి - గోరుచిక్కుడు: ఎండకు జంకని పంట. ఇదీ రెండు సాళ్ళే, మొక్కకూ మొక్కకూ అర అడుగు. దీని వేళ్ళ బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. పంట అయిపోయాక మొక్కను పీకకుండా మొదలు దగ్గర కోసి వేళ్ళను నేలలోనే వదిలేయండి. వచ్చే పంటకు ఆ మడి బలంగా ఉంటుంది. మరుసటిసారి అక్కడ ఆకుకూరలు వేసి, గోరుచిక్కుడును ఇంకో మడికి మార్చండి.

నాలుగవ మడి - వంగ, మిరప: ఇవి నారు పోసి నాటేవి. జనవరిలో నారు పోయకపోతే నర్సరీలో తెచ్చుకోవచ్చు. రెండడుగులకొక మొక్క, రెండు వరుసల్లో 14 మొక్కలు పడతాయి. ఎనిమిది వంగ, ఆరు మిరప. నారు ఎప్పుడూ సాయంత్రం నాటాలి. పొద్దున నాటితే వేరు పట్టక ముందే ఎండ తాకుతుంది. మూడు రోజులు తాటాకో వేపరెమ్మో అడ్డం పెట్టాలి.

కంచె వెంట - బీర, కాకర, సొర: ఐదడుగులకొకటి చొప్పున మూడు పాదులు. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంట తీసి మూడు కిలోల ఎరువు మట్టితో కలిపి నింపి, నాలుగేసి గింజలు వేసి, మొలిచాక రెండు ఉంచాలి. మొదట వచ్చే పూలు కాయలు కట్టకుండా రాలితే భయపడకండి. అవి మగపూలు. ఆడపువ్వు వెనుక చిన్న పిందె ఉంటుంది. కాకర పువ్వు పొద్దున, బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. తేనెటీగలు రాకపోతే మగపువ్వు తెంచి దాని పుప్పొడిని ఆడపువ్వుకు అంటించండి. పిల్లలకు పరాగసంపర్కం పాఠం ఇక్కడే అర్థమవుతుంది.

నీళ్ళు

రోజుకు ఐదు మిల్లీమీటర్ల మందాన నీరు కావాలనుకుంటే ఒక్కో మడికి సుమారు 20 లీటర్లు. నాలుగు మడులకు 80 లీటర్లు, ఐదారు బక్కెట్లు. మే ఎండల్లో ఇంకా ఎక్కువ. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఆకుకూరలకు పోయండి. సబ్బు కలిసిన స్నానం నీళ్ళు ఆకుకూరలకు వద్దు. అరటి, మునగ మొదళ్ళకు పారించండి. నీళ్ళు పొద్దున్నే గాని, పొద్దు వాలాక గాని పోయాలి. మొక్కల మధ్య రెండంగుళాల మందాన ఎండుటాకులు, వరిగడ్డి పరిస్తే నల్లరేగడిలో రోజు విడిచి రోజు నీరు సరిపోతుంది.

పురుగు, తెగులు

మన ఇళ్ళలో చేలకు కొట్టే పురుగుమందు డబ్బాలు ఉంటాయి. అవి పెరటి తోటకు వాడకండి. రేపు పొద్దున కోసుకు తినే కూర అది. ఖాళీ డబ్బాలతో నీళ్ళు కూడా పోయకండి. మందు పట్టించిన రంగు గింజలను విత్తాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మిగిలితే పిల్లలకు, కోళ్ళకు అందనివ్వకూడదు.

పేనుబంక కనిపిస్తే ముందు నీళ్ళు గట్టిగా కొట్టి రాల్చండి. తగ్గకపోతే వేపగింజల పప్పు 50 గ్రాములు పొడి చేసి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్ళలో రాత్రంతా ఉంచి, పిండి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం చల్లండి. బెండ ఆకు ఈనెలు పసుపు పచ్చగా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ తెగులు. దానికి మందు లేదు. ఆ మొక్కను వెంటనే పీకి తగలబెట్టాలి. పండు ఈగ పొడిచిన కాకర, బీర పిందెలను అక్కడే పారేయకుండా ఏరి రెండడుగుల లోతున పూడ్చాలి.

ఇంటి తోట, హాస్టల్ తోట

నూరుమంది ఉన్న హాస్టల్లో తలకు 100 గ్రాముల ఆకుకూర అంటే ఒక్క రోజుకే పది కిలోలు. 30 గజాల తోట మెస్సును పోషించలేదు. ఆ ఆశ పెట్టుకుంటే నెల తిరక్కుండా నిరుత్సాహం వస్తుంది. పైగా ఏప్రిల్ చివరలో సెలవులిచ్చి అందరం వెళ్ళిపోతాం, తోట ఎండిపోతుంది. కనుక హాస్టల్లో వేసుకోవలసినవి వేరు. కొంచెంతోనే అందరికీ సరిపోయేవి, ఒకసారి నిలదొక్కుకుంటే సెలవులను తట్టుకునేవి. రెండు కరివేపాకు చెట్లు, రెండు మునగలు, ఒక నిమ్మ. మునగాకు పప్పులో వేసుకోవచ్చు. వీటిని మాత్రం వానలు పడే జూన్, జూలైలో నాటండి. పక్కనే ఫిబ్రవరిలో నాలుగు మడులు కట్టి 6, 7, 8, 9 తరగతులకు ఒక్కొక్కటి అప్పగించండి. పదో తరగతి వాళ్ళను పరీక్షలకు వదిలేయండి. తోటకూర మార్చిలో, బెండ ఏప్రిల్ మొదట్లో చేతికి వస్తాయి. సెలవులకు ముందే కోత చూస్తారు. హాస్టల్ తోట నేర్చుకునే బడి, ఇంటి తోట తినే కంచం. ఇక్కడ నేర్చుకున్నది అక్కడికి తీసుకుపోవాలి.

చదువుకున్నది మట్టి పని చేయడానికా?

ఈ ప్రశ్న మీలో కొందరికి వచ్చే ఉంటుంది. మన అమ్మానాన్నలే ఈ మాట అంటారు. "నువ్వు మా లెక్క మట్టి పిసుక్కోవద్దు" అనే మనల్ని ఇక్కడికి పంపారు. ఆ మాట వెనుక ఉన్న బాధ నాకు తెలుసు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. వాళ్ళను అలసగొట్టింది మట్టి కాదు. ఒకరి మట్టిలో, ఒకరు చెప్పిన వేళకు, ఒకరు ఇచ్చిన కూలికి వంగి పనిచేయడం అలసగొట్టింది. మన పెరట్లో, మన కంచం కోసం, మనకు తెలిసిన లెక్కతో చేసే పని వేరు.

ఇంకొక మాట. పదును చూడటం, మాగిన ఎరువును వాసనతో పట్టడం, నారు సాయంత్రం నాటడం, ఇవన్నీ మన అమ్మలకు వచ్చు. ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోవచ్చు. ఎందుకో మన పుస్తకాల్లో ఉంది, ఎలాగో వాళ్ళ చేతుల్లో ఉంది. ఈ రెండూ కలవకపోతే మన చదువు సగమే, వాళ్ళ అనుభవమూ వాళ్ళతోనే పోతుంది. కనుక ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకు పాఠం చెప్పే ముందు ఆమెను అడగండి. ఆమె చెప్పింది నోటు పుస్తకంలో రాసుకోండి.

చేసి చూడండి

1. మీ హాస్టల్ ఆవరణలో రెండు చోట్ల, మీ ఇంటి పెరట్లో ఒక చోట మట్టి తీసి సీసా పరీక్ష చేయండి. పొరల కొలతలు పట్టికగా రాయండి.

2. మీ పెరడు ఎన్ని గజాలో కొలవండి. గజానికి రెండు కిలోల చొప్పున ఎంత ఎరువు కావాలో లెక్క కట్టండి.

3. ఒకే మడిలో సగానికి ఎండుటాకులు పరచి, సగం వదిలేయండి. వారం తరువాత రెండు చోట్లా పిడికిలి పరీక్ష చేసి తేడా రాయండి.

4. మీ అమ్మగారిని లేదా అమ్మమ్మగారిని అడిగి, మీ ఊళ్ళో ఇప్పుడు కనిపించని ఒక నాటు కూరగాయ పేరు, దాన్ని ఏ నెలలో విత్తేవారో తెలుసుకోండి. దాని గింజ ఎవరి ఇంట్లోనైనా ఉంటే నాలుగు అడిగి తెచ్చుకోండి. నేల సిద్ధమయ్యాకే విత్తండి.